నాలుగు చక్రాల ధైర్యం

పాల్వంచలో మంచు కురవదు. పుష్యమాసపు తెల్లవారుజామున చెట్లమీద పలచగా పరచుకునే పొగమంచు సంగతి వేరు. నేలమీద మోకాలిలోతున పేరుకొని, దారి ఏదో లోయ ఏదో తెలియనివ్వని తెల్లని మంచు సంగతి నేను చెబుతున్నది. రోహిణీకార్తెలో 45 డిగ్రీలు దాటే ఎండకు గోడలు సైతం సెగలు క్రక్కే ఈ ఊళ్ళో కూర్చుని, మంచుమీద జీపు నడిపే విద్యను గురించి వ్రాయటం ఇసుకలో పడవ నడపటం లాంటిదే కదా అని మీరు నవ్వవచ్చు. కాని ఆ విద్యను హిమాలయాలలో నేర్చి వచ్చి, మా అడవి బురదలో దానిని పొల్లుపోకుండా ఆచరిస్తున్న మనిషిని నేను చూచాను. మంచుకూ బురదకూ రంగులోనే తేడా గాని గుణం ఒక్కటేనని ఆయన వాదం. ఆ వాదంలో నిజం ఎంత ఉన్నదో ఒక శ్రావణమాసపు సాయంత్రం ఆరుగురు మనుషులకు తెలిసివచ్చింది. ఆ ఆరుగురిలో నేనొకణ్ణి.

ముందుగా ఊరి సంగతి చెప్పాలి. విజయవాడనుంచి జగ్‌దల్‌పూర్ పోయే 30వ నంబరు జాతీయ రహదారిమీద కొత్తగూడెం దాటి కొద్దిదూరం వస్తే పాల్వంచ. అదే దారిన ఇంకొక గంటలోపు ప్రయాణం చేస్తే గోదావరి వంతెన, దాని అవతల భద్రాద్రి రాముడు. 1965లో ఆ వంతెన రాకముందు యాత్రికులు పడవలమీద దాటవలసి వచ్చేది. ఒకప్పుడు ఒక సంస్థానానికి పేరిచ్చిన ఊరు మాది. తరువాత ఖమ్మం జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. బయటివారికి పాల్వంచ అంటే కరెంటు తయారయ్యే ఊరు. 1966 ప్రాంతంలో పని మొదలుపెట్టిన పాత థర్మల్ కేంద్రం తాలూకు ఎనిమిది బ్రహ్మాండమైన గోపురాలు ఎంతో దూరానికి కనిపిస్తూ, అడవిలో దారి తప్పినవాడికి దిక్సూచిలాగా ఉండేవి. వాటిని 2024 ఆగస్టులో కూల్చివేశారు. ఇప్పుడు దారి తప్పినవాడు గొల్లపిల్లవాణ్ణి అడగవలసిందే.

ఊరికి ఒకవైపు ఇంత పొగ, ఇంత యంత్రం ఉంటే, మరొకవైపు కిన్నెరసాని. ఆ పేరు వినగానే విశ్వనాథ సత్యనారాయణగారి పాటలు స్ఫురించని తెలుగు పంతులు ఉండడు. ఆ కిన్నెరసానికే ఇక్కడ అడ్డంగా ఆనకట్ట కట్టారు. కొండల నడుమ నిలిచిన ఆ జలాశయం చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల అడవిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు దట్టంగా పెరిగిన అడవి అది. దుప్పులు, ఎలుగుబంట్లు, అడవిదున్నలు ఉన్నాయి. జలాశయంలో మొసళ్ళూ ఉన్నాయి. ఆదివారం పూట పిల్లాపాపలతో పులిహోర పొట్లాలు కట్టుకొని వచ్చే కుటుంబాలకు ఆనకట్ట, జింకలపార్కు చూపించి పంపించే కిన్నెరసాని వేరు. ఆ వెనుక, కోయగూడాలను దాటుకుంటూ పోయే మట్టిదారుల కిన్నెరసాని వేరు. నేను చెప్పబోయేది ఆ రెండవ కిన్నెరసాని సంగతి.

వానాకాలం వచ్చిందంటే ఈ అడవికి వేరే భూగోళం తయారవుతుంది. మొన్నటిదాకా పిల్లలు గోళీలాడుకున్న ఇసుక వాగు ఒక్కరాత్రిలో గర్జిస్తూ దొర్లుతుంది. గుండాల, ఆళ్ళపల్లి వైపు పల్లెలవారిని అడగండి. వాగు ఈవలివాడు ఈవల, ఆవలివాడు ఆవల నిలిచిపోవటం వారికి ఏటేటా అనుభవమే. వంతెనలు లేనిచోట చప్టాలుంటాయి. మామూలు రోజుల్లో బండ్లు పోవటానికీ, వరదవేళ నీళ్ళు పైనుంచి పొర్లిపోవటానికీ వీలుగా, వాగుకు అడ్డంగా తక్కువ ఎత్తున కాంక్రీటు పరచిన దారినే చప్టా అంటారు. గోదావరి పెద్దనది గనుక దానికి మర్యాదలున్నాయి. భద్రాచలంలో నీరు 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. 1986 ఆగస్టులో అది 75 అడుగులు దాటింది, 2022 జూలైలో 71 దాటింది. ఆ అంకెలు మా పెద్దలకు పిల్లల పుట్టినరోజుల్లాగా నోటికి వచ్చు. అడవివాగుకు ఈ హెచ్చరికలేవీ లేవు. మీ నెత్తిన ఎండ కాస్తూండగానే ఎగువన ఎక్కడో కురిసిన వాన అరగంటలో మీ కాళ్ళక్రిందికి వస్తుంది.

ఇక దారులు. ఎర్రచెలక నేల వాన పీల్చుకొని కొంత ఊరుకుంటుంది. నల్లరేగడి ఊరుకోదు. పైన పలచగా తడిసి, అడుగున గట్టిగా ఉన్నప్పుడు అది సబ్బు పూసిన నాపరాయి. బాగా నానినప్పుడు చక్రాన్ని ఇరుసుదాకా మ్రింగే ఊబి. ఇటువంటి దారులకు జీపు తప్ప గతి లేదు.

ఈ జీపు పుట్టుకే యుద్ధంలో జరిగింది. రెండవ ప్రపంచయుద్ధం నాటికి గుర్రాలు పోయే చోటికల్లా పోగల తేలికబండి కావాలని అమెరికా సైన్యం 1940లో కంపెనీలను అడిగింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ మొదటి నమూనా తయారుచేసింది. తరువాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. మామూలు బండిలో ఇంజను బలం రెండు చక్రాలకే పోతుంది. దీనిలో కావాలనుకున్నప్పుడు నాలుగింటికీ పోతుంది. మనదేశంలో 1949లో మహీంద్రా కంపెనీ బొంబాయిలో ఈ జీపులను కూర్చటం ప్రారంభించింది. ఆనాటినుంచి తహశీలుదారూ, అడవి రేంజరూ, పశువుల డాక్టరూ ఎక్కిన బండి అదే. సినిమాల్లో దొంగలు పారిపోయిందీ, పోలీసులు వెంటబడిందీ దానిమీదనే.

మా పేటలో అటువంటి జీపు ఒకటి ఉన్నది. దాని యజమానిని అందరూ ‘హవల్దారుగారు’ అంటారు. పేరు అచ్చువేయవద్దని ఆయన కోరిక గనుక నేనూ అలాగే అంటాను. సైన్యంలో సరకులు చేరవేసే దళంలో 20 ఏళ్ళకు పైగా బండ్లు నడిపి, పెన్షను పుచ్చుకొని వచ్చాడు. జబల్‌పూరులో తయారైన ‘జోంగా’ జీపులు మొదలు పెద్ద ట్రక్కులదాకా ఆయన చేతిలో నడిచాయి. శ్రీనగర్‌నుంచి లేహ్ పోయే దారిలో, 11,500 అడుగులకు పైన ఉన్న జోజిలా కనుమ ఆయనకు మన పాల్వంచ బస్‌స్టాండంత పరిచయం.

నా దగ్గర చదువుకొని ఉపాధ్యాయుడైన ఒక కుర్రవాడు అడవి లోపలి గూడెంలో ఇల్లు కట్టుకున్నాడు. శ్రావణమాసంలో గృహప్రవేశం. నేనూ, నా భార్యా, మా అక్కయ్యగారి అబ్బాయీ హవల్దారుగారి జీపు మాట్లాడుకొని బయలుదేరాము. మేనల్లుడికి ఆ రాత్రి భద్రాచలం రోడ్ స్టేషనులో రైలెక్కి హైదరాబాదు పోవలసి ఉన్నది. మర్నాడు ఉదయం పదిగంటలకు వాడికి ఉద్యోగపు ఇంటర్వ్యూ. రెండేళ్ళుగా ఎదురుచూచిన పిలుపు. “మామయ్యా, సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి సుమా!” అని ఉదయంనుంచీ నాలుగుసార్లు చెప్పాడు.

జీపు వెనుక ఒక పార, ఒక గొడ్డలి, నాలుగు గోనెసంచులు, రెండు పలకలు, ఒక లావుపాటి మోకు సర్ది ఉన్నాయి. “మనం పోయేది గృహప్రవేశానికా, బావి త్రవ్వటానికా అన్నయ్యగారూ?” అన్నది నా భార్య. “రెండిటికీ అమ్మా. ఏది ముందొస్తే దానికి” అన్నాడాయన.

తారురోడ్డుమీద ఉన్నంతసేపూ జీపు రెండు చక్రాలమీదే లాగింది. గేరుకడ్డీ ప్రక్కన మరో రెండు పొట్టి కడ్డీలున్నాయి. నాలుగు చక్రాలకూ బలం పంపించేవి అవే. వాటిని ముట్టుకోకపోవటం చూచి మేనల్లుడు అడిగాడు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఒక దూరం, వెనుక చక్రాలు ఇంకొక దూరం తిరుగుతాయట. పొడి గట్టిదారిమీద రెండింటినీ కలిపి బిగిస్తే, ఒకదానితో ఒకటి పెనుగులాడి లోపలి పళ్ళచక్రాలు అరిగిపోతాయి. జారే నేల అయితే చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. అందుకని జారే నేలమీదే ఆ కడ్డీకి పని. అయితే అది దిగబడినాక వేసుకునే కడ్డీ కాదు. బురద మొదలయ్యే చోటికి పది గజాల ముందే ఆయన జీపు ఆపి, కడ్డీ వేసి, రెండవ గేరులో మెల్లగా దింపాడు. ఆ నడక చూస్తే పసిపాప ఉయ్యాల ఊపుతున్నట్లున్నది. గుంజటం లేదు, ఉరకటం లేదు, ఉన్నట్టుండి త్రిప్పటం లేదు. ఒకచోట చక్రం ఒట్టినే గిర్రున తిరగబోయింది. వెంటనే కాలు సడలించాడు. తిరిగేకొద్దీ చక్రం తన గొయ్యి తానే త్రవ్వుకుంటుందట. దిగి, గోనెసంచి మడిచి చక్రం ముందు దూర్చి, మళ్ళీ ఎక్కి, చడీచప్పుడు లేకుండా బయటికి తీశాడు.

“మంచులోనైనా ఇంతేనా?” అన్నాను.

“అచ్చం ఇంతే సారు. మంచు బాగా చలిగా ఉన్నప్పుడు కొంత నయం, చక్రం పట్టుద్ది. ఎండపొడ తగిలి పైన నీటిపొర ఏర్పడ్డదా, అప్పుడు చూడాలె దాని తమాషా. మన రేగడి కూడా జడివానలోకంటే మొదటి జల్లుకే ఎక్కువ జారుద్ది. జనం పెద్దవానకు భయపడతరు, చిన్నజల్లుకు పడరు. పడేది అక్కడే.”

తరువాత ఆయన చెప్పిన మాటే ఈ వ్యాసానికి ప్రాణం. “ఈ కడ్డీ వేస్తే బండి ఎక్కుద్ది సారు. ఆగుద్ది అనుకుంటరు, అది తప్పు. లాగే చక్రాలు రెండైనా నాలుగైనా, బ్రేకులు ఏ బండికైనా నాలుగే గదా! మరి ఈ బండి ఎక్కువేం ఆగుద్ది?”

ఇంత తేలిక సంగతిని మనమెందుకు ఆలోచించలేదా అనిపించింది. లెక్క వేసి చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో పోయే బండి బ్రేకు పడ్డాక పొడి తారురోడ్డుమీద సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. త్రొక్కి గట్టిపడిన మంచుమీద అదే బండికి 30 మీటర్లు కావాలి. గాజులాంటి గడ్డమంచుమీద 60 మీటర్లు దాటినా ఆశ్చర్యం లేదు. బ్రేకు త్రొక్కాలని మనసుకు తోచి కాలు కదిలేలోగా జరిగిపోయే పది మీటర్లు దీనికి అదనం. వేగాన్ని సగం చేస్తే మాత్రం ఆగేదూరం సగం కాదు, నాలుగోవంతు అవుతుంది. ఈ లెక్కలో ఎక్కడా లాగే చక్రాల ప్రసక్తి లేదు. మామూలు కారువాడికి బండి ఎక్కలేక జారినప్పుడే దారి బాగాలేదని తెలుస్తుంది. జీపువాడికి ఆ హెచ్చరిక అందదు. హాయిగా ఎక్కుతూ పోతాడు, వేగం పెంచుతాడు, ఆపవలసిన చోట మాత్రమే సత్యం తెలుస్తుంది. అంటే జీపు బలమే జీపువాడికి పెద్ద ప్రమాదమన్నమాట.

జోజిలామీద ఆయన నేర్చుకున్నదీ ఇదే. ఆ కనుమకు మన చరిత్రలో గొప్ప స్థానం ఉన్నది. 1948 నవంబరు 1న, ఎవరూ ఊహించని ఆ ఎత్తుకు మంచులోనుంచి మన సైన్యం టాంకులను ఎక్కించి శత్రువును తరిమింది. 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థవారు ఏటా అక్కడి మంచును కొండల్లాగా తవ్వి దారి తీస్తారు. ఆ దారిలో పోయే బండ్లకు మంచువేళ చక్రాలకు ఇనుపగొలుసులు చుడతారు. ఒకసారి ఆయనకు ముందు పోతున్న బండివాడు, నాలుగు చక్రాలూ లాగే బండి కదా అన్న ధీమాతో, గొలుసులు చుట్టకుండానే దిగుడు దిగాడట. మలుపులో బ్రేకు త్రొక్కాడు. చక్రాలు బిగుసుకున్నాయి. బండి మాత్రం ఆగలేదు, పీటమీద కూర్చున్న పెళ్ళికొడుకులాగా నిశ్చలంగా కూర్చుని లోయవైపు జారింది. అంచున పేరుకున్న మంచుగట్టుకు తగిలి నిలిచింది. “దేవుడు గట్టు పెట్టిండు గాబట్టి వాడు పెన్షను తింటున్నడు” అన్నాడు హవల్దారుగారు.

ఇది సైనికులకు మాత్రమే అవసరమైన పాఠం కాదు. 2020లో రోహ్‌తంగ్ కొండక్రింద అటల్ సొరంగం తెరచినప్పటినుంచి చలికాలంలో మంచు చూడటానికి మన తెలుగు కుటుంబాలు కూడా మనాలి మీదుగా వెళ్ళివస్తున్నాయి. బాగా మంచు కురిసిన రోజున నాలుగు చక్రాలూ లాగే బండ్లనూ, గొలుసులున్న బండ్లనూ తప్ప అక్కడి పోలీసులు పోనివ్వరు. పోనిచ్చినంతమాత్రాన క్షేమంగా ఆగుతామని వారు హామీ ఇచ్చినట్లు కాదు. మన పిల్లలు అమెరికాలో మిషిగన్, మిన్నెసోటా వంటి చలి రాష్ట్రాల్లో స్థిరపడ్డారు. అక్కడ కొత్తగా కారు కొనేవారికి అనుభవజ్ఞులు చెప్పే మాట ఒకటే: లాగే చక్రాలు ఎన్నని చూడటంకంటే, చలికాలపు టైర్లు వేయించుకోవటం ముఖ్యం. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీలకు దిగువన బిరుసెక్కుతుంది. చలికాలపు టైరు మెత్తగా ఉండి నేలను పట్టుకుంటుంది. ఎక్కటానికీ, తిరగటానికీ, ఆగటానికీ మూడింటికీ పనికివచ్చేది ఆ పట్టే.

మరొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ అనే కొండ ఊరిదగ్గర మంచుతుపానులో వందలాది కార్లు చిక్కుకుపోయి, ఇరవైమందికి పైగా చనిపోయారు. కొందరిని చంపింది చలి కాదు. వెచ్చదనంకోసం అద్దాలు బిగించి ఇంజను నడుపుతూ కూర్చుంటే, వెనుక పొగగొట్టం మంచుతో పూడిపోయి, వాసన లేని విషవాయువు లోపలికి చేరుతుంది. నిద్రలాగా వచ్చే చావు అది. మంచులో చిక్కుకున్న బండిలో కూర్చున్నవారు మాటిమాటికీ పొగగొట్టం చుట్టూ మంచు తీసివేయాలి, అద్దం కొద్దిగా దింపి ఉంచాలి, ఇంజను కాసేపు నడిపి ఆపాలి.

ఈ కబుర్లతో గూడెం చేరాము. గృహప్రవేశం చక్కగా జరిగింది. భోజనాలవుతూండగా మూడుగంటలకు వాన పట్టుకున్నది. నాలుగింటికి బయలుదేరాము.

దిగుడు దారి రేగడి. హవల్దారుగారు పైనే జీపు ఆపి, దిగి, దారివెంట కొంతదూరం నడిచి చూచివచ్చాడు. పొట్టి కడ్డీలలో రెండవదీ వేశాడు. దానితో ఇంజను బలం పెరిగి వేగం బాగా తగ్గుతుంది. రెండవ గేరు వేసి, క్లచ్చిమీదనుంచి కాలు పూర్తిగా తీసివేశాడు. జీపు మనిషి నడిచినంత మెల్లగా దిగసాగింది. ఇంజనే నాలుగు చక్రాలనూ సమంగా పట్టి ఆపుతున్నది. నాలుగు చక్రాల కడ్డీ ఆగటానికి ఉపకరించేదేమైనా ఉంటే అది ఇదొక్కటే, అదీ ముందునుంచీ మెల్లగా పోయినవాడికే. సగందూరం దిగాక వెనుకభాగం ప్రక్కకు ఊడ్చుకుపోయింది. నా భార్య “రామా!” అన్నది. ఆయన బ్రేకు త్రొక్కలేదు. పోవలసిన దిక్కు చూస్తూ చక్రం అటే మెల్లగా త్రిప్పి, అతి కొద్దిగా ఇంజను అందించాడు. బిగుసుకుపోయి జారుతున్న చక్రాలు మళ్ళీ తిరిగి నేలను అందుకున్నాయి. జీపు దారిన పడింది. ఇదంతా మూడు క్షణాల పని.

అయిదున్నరకు వాగు చేరాము. ఉదయం చీలమండ తడవని చప్టామీద ఎర్రని నీళ్ళు పొర్లుతున్నాయి. హవల్దారుగారు దిగి, నీటి అంచున ఒక పుల్ల గ్రుచ్చి బీడీ ముట్టించాడు.

“మోకాలిలోతు కూడా లేదు కదండీ! పది నిమిషాల్లో రోడ్డెక్కుతాము. నా రైలు…” అన్నాడు మేనల్లుడు. వాడి గొంతు వింటే జాలివేసింది.

ఇంతలో వెనుకనుంచి మెరిసిపోయే కొత్తబండి ఒకటి వచ్చి ఆగింది. ఇద్దరు యువకులు దిగారు. అడవి చూడటానికి వచ్చారట. “ఏం పెద్దాయనా, ఆగిపోయావు? మాది ఫోర్ బై ఫోర్. ముందు మేము పోతాము, మా వెనుక రా” అన్నారు.

ఆయన కోపగించుకోలేదు. “మీ బండి మంచిదే నాయనా, నా జీపుకంటే బలమైంది. నేననేది బలం సంగతి కాదు. పారే నీళ్ళు అడుగెత్తు ఉంటే చిన్నకారు లేచిపోద్ది, రెండడుగులుంటే మీ బండి కూడా తేలుద్ది. తేలినాక చక్రం నేలనంటదు. నేలనంటని చక్రాలు నాలుగైతేనేం, నలభై అయితేనేం? పైగా నీళ్ళక్రింద చప్టా ఉన్నదో లేదో మీకు తెల్సా? నాకు తెల్వదు.”

“పొద్దున ఉన్నదిగా!”

“పొద్దున నీళ్ళు లేవుగా నాయనా.”

పుల్ల చూపించాడు. బీడీ సగం కాలేలోగా అది జానెడు మునిగింది. నీటిమీద ఎండుటాకులు, పుల్లలు, నురుగు కొట్టుకువస్తున్నాయి. చెత్త కొట్టుకొస్తూంటే వాగు ఇంకా పెరుగుతున్నదని గుర్తట. యువకులు ముఖముఖాలు చూచుకున్నారు. ఒకతను ఇంకా ఏదో అనబోయాడు. అవతలిగట్టునుంచి ఒక పెద్దకొమ్మ నీళ్ళలో పడి, చూస్తూండగానే చప్టాదాటి మాయమయింది. ఆ మాట గొంతులోనే నిలిచిపోయింది.

మేనల్లుడు నావంక చూచాడు. “బండి ఎవరిచేతిలో ఉన్నదో నిర్ణయమూ వారిదే” అన్నాను. వాడు గట్టున ఒక బండరాయిమీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

వెనుకకు మళ్ళి, మిట్టమీద ఉన్న కోయగూడెంలో తలదాచుకున్నాము. ముక్కూ ముఖం తెలియని ఆరుగురికి ఆ ఇంటివారు చాపలు పరిచారు, మొక్కజొన్న పొత్తులు కాల్చిపెట్టారు, బెల్లపుటీ కాచి ఇచ్చారు. ఆ ఇంటి ముసలమ్మ నా భార్యతో కూర్చుని, వాగు పొంగినప్పుడు తన కోడలిని కానుపుకు డోలీలో మోసుకొనిపోయిన కథ చెప్పింది. గట్టున రెండు జాములు ఆగారట. “ఆగక ఏం చేస్తం బిడ్డా, వాగు మన మాట ఇంటదా?” అన్నది. మనవడు ప్రక్కనే కూర్చుని పొత్తు తింటున్నాడు గనుక కథ సుఖాంతమని తెలిసింది.

తెల్లవారాక వాగు తీసింది. ఆరుగురమూ వెళ్ళి చూచాము. చప్టా నడిమధ్యన, బండి పట్టేంత మేర, కాంక్రీటు లేదు. ఆ గండిలో ఒక మద్దిమ్రాను అడ్డంగా ఇరుక్కొని ఉన్నది. అది ఎప్పుడు తెగిందో, మేము గట్టున నిలబడ్డప్పటికే తెగి ఉన్నదో, ఎవరు చెప్పగలరు? యువకులలో చిన్నవాడు హవల్దారుగారి చేతులు పట్టుకున్నాడు, మాట్లాడలేకపోయాడు. చుట్టుదారిన మధ్యాహ్నానికి పాల్వంచ చేరాము.

మేనల్లుడికి ఆ ఉద్యోగం రాలేదు. ఫోను పనిచేసే చోటికి వచ్చి సంగతి చెప్పుకున్నా, వారు మరొక తేదీ ఇవ్వలేదు. మా అక్కయ్య నెలరోజులు ఆ జీపును తిట్టింది. చివరికి వాడే వాళ్ళమ్మను కూర్చోబెట్టి, తాను తీసిన చప్టా ఫోటో చూపించాడు. ఆ తరువాత ఆవిడ జీపు ఊసెత్తలేదు. వాడు మళ్ళీ దరఖాస్తులు పెడుతున్నాడు.

ఆ ముసలమ్మ మాట మాత్రం నన్ను వదలలేదు. మాకు ఒక్క రాత్రి ఆలస్యమయింది, ఒక ఉద్యోగం పోయింది. ఆ గూడెంవారికి ప్రతి వానాకాలమూ ఇదే పరిస్థితి. రోగి, గర్భిణి, బడికి పోయే పిల్లవాడు, అందరూ ఆ చప్టా దయమీద బ్రతకాలి. వారికి కావలసింది ఇంకా బలమైన జీపు కాదు, నీటికి ఎత్తుగా కట్టిన వంతెన. అది వచ్చేదాకా వారిని కాపాడేది గట్టుమీద నిలబడి ఓర్చుకోగలిగిన వారి సహనమే.

మనవంటి సంసారులు మంచుదారినా, బురదదారినా తరచుగా బండి నడపరు. ప్రక్కసీట్లో కూర్చుంటారు, అంతే. బాధ్యత అక్కడ కూడా ఉన్నది. “తొందరగా పోనీయండి, రైలు తప్పిపోతుంది, ముహూర్తం దాటిపోతుంది, ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తారు” అని వెనుకనుంచి తరిమేది మనమే. బండి ఎంత బలమైనదైతే మన తొందరకు అంత ధైర్యం వస్తుంది. జారే దారిమీద ఆ ధైర్యాన్ని కొంచెం తగ్గించుకోవాలి, అంతకంటే వేరే మంత్రం లేదు.

ఈ వానాకాలం కిన్నెరసాని చూడటానికి తప్పక రండి. జలాశయంలో నీరు 407 అడుగుల గరిష్ఠ మట్టానికి చేరువై గేట్లు ఎత్తినప్పుడు ఆ శోభ చూచితీరవలసినదే, అయితే దూరంనుంచి. అడవిలోకి పోతే మాత్రం తెలిసిన డ్రైవరును మాట్లాడుకోండి. ఆయన ఎక్కడైనా బండి ఆపి పుల్ల గ్రుచ్చి కూర్చుంటే, ఎందుకాపావని అడగవద్దు. దిగి, ఏ గూడెంలోనో ఒక మొక్కజొన్న పొత్తు కాల్పించుకొని తినండి. మా అడవి పొత్తులు బహు తియ్యగా ఉంటాయి.